బలమైన బంధం ఎక్కడ ఆగిపోతుంది?

ఖనిజాల కాఠిన్యాన్ని కొలిచే మోహ్స్ కొలమానంలో అన్నిటికంటే పైన, 10వ స్థానంలో, వజ్రం ఉంటుంది. అన్నిటికంటే అడుగున, 1వ స్థానంలో, టాల్క్ ఉంటుంది. బలపపు రాయిలోని ప్రధాన ఖనిజం ఇదే. ఈ రెండూ పూర్వపు అనంతపురం జిల్లా నేలలోనే ఉన్నాయి. వజ్రకరూరు దగ్గరి కింబర్లైట్ శిలల్లో (భూమి లోతుల్లోంచి పైకి వచ్చిన శిలాద్రవం గడ్డకట్టిన రాళ్ళలో) వజ్రాలు, తాడిపత్రి పరిసరాల్లో బలపపు రాయి దొరుకుతాయి. వీటిని పక్కపక్కన పెట్టి చూస్తే రసాయనశాస్త్ర విద్యార్థికి ఒక చిక్కు ఎదురవుతుంది. వజ్రంలోని కార్బన్–కార్బన్ బంధాన్ని తెంచడానికి మోల్‌కు సుమారు 347 కిలోజౌళ్ళ శక్తి కావాలి. టాల్క్‌లోని సిలికాన్–ఆక్సిజన్ బంధాన్ని తెంచడానికి సుమారు 450 కిలోజౌళ్ళు కావాలి. బంధం బలమే పదార్థం గట్టిదనాన్ని నిర్ణయించేటట్లయితే బలపం వజ్రాన్ని గీయాలి. కానీ బలపం గోటితో గీస్తేనే పొడిగా రాలుతుంది.

పదో తరగతి, ఇంటర్మీడియట్ పాఠాల్లో బంధాలను అయానిక, సమయోజనీయ, లోహ బంధాలుగా విడదీసి, అణువుల మధ్య ఉండే బలాలను వేరొక చోట చెప్పడం ఆనవాయితీ. పరీక్షకు ఆ విభజన సరిపోతుంది. ఒక పదార్థం ఎందుకు కరుగుతుంది, ఎందుకు విరుగుతుంది, ఎందుకు ఉబ్బుతుంది అన్నది అర్థం కావాలంటే మాత్రం రెండు పాఠాలనూ కలిపి ఒకే ప్రశ్న అడగాలి: ఈ పదార్థంలో బలమైన బంధం ఎంత దూరం అల్లుకొని ఉంది, ఎక్కడ ఆగిపోయింది, అది ఆగిన చోట పనిచేస్తున్న బలహీనమైన ఆకర్షణ ఏది? ఉమ్మడి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల రాళ్ళు, మట్టి, నీళ్ళు, నూనె ఈ ప్రశ్నకు ఒక్కొక్కటీ ఒక్కో జవాబు ఇస్తాయి.

బలమైనది, బలహీనమైనది అనే మాటలకు ముందుగా ఒక కొలబద్ద ఉండాలి. సాధారణ వాతావరణంలో, సుమారు 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర, కణాల కదలికలో ఉండే ఉష్ణశక్తి మోల్‌కు రెండున్నర కిలోజౌళ్ళ స్థాయిలో ఉంటుంది. సమయోజనీయ బంధాలు సాధారణంగా దానికి వంద రెట్లో అంతకు మించో ఉంటాయి కనుక ఎండకు తెగవు. నీటి అణువుల మధ్య ఉండే హైడ్రోజన్ బంధం సుమారు 20 కిలోజౌళ్ళు. అది తెగుతూ మళ్ళీ కట్టుకుంటూ ఉంటుంది. చిన్న అణువుల మధ్య ఉండే వాండర్ వాల్స్ ఆకర్షణ ఉష్ణశక్తితో సమానంగానో కాస్త అటూ ఇటూగానో ఉంటుంది. అందువల్లనే మీథేన్ −161 డిగ్రీల దగ్గరే మరిగి వాయువైపోతుంది. మన చుట్టూ ఉన్న వస్తువుల్లో ఏది రాయిగా నిలబడుతుంది, ఏది ద్రవంగా పారుతుంది, ఏది గాలిలో కలిసిపోతుంది అన్నది చాలావరకు ఈ రెండున్నర కిలోజౌళ్ళతో పోల్చినప్పుడే తేలుతుంది.

బలమైన బంధం ఎక్కడా ఆగకుండా అన్ని దిక్కులా సాగిపోతే వచ్చేది వజ్రం. అందులో ప్రతి కార్బన్ పరమాణువూ నాలుగు పరమాణువులతో, ఒక్కొక్క దానికి 1.54 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు) దూరంలో, 109.5 డిగ్రీల కోణంతో బంధం ఏర్పరచుకుంటుంది. వజ్రాన్ని అరగదీయాలంటే ఆ బంధాలనే తెంచాలి తప్ప సులువుగా జారిపోయే చోటు అందులో లేదు. వజ్రకరూరు కింబర్లైట్లు సుమారు 110 కోట్ల సంవత్సరాల నాటివి. భూమి లోపల 150 కిలోమీటర్లకు మించిన లోతులో, విపరీతమైన ఒత్తిడిలో ఏర్పడిన వజ్రాలను ఆ శిలాద్రవం పైకి మోసుకొచ్చింది. నిజానికి భూమి ఉపరితలం మీది ఒత్తిడి దగ్గర కార్బన్‌కు స్థిరమైన రూపం గ్రాఫైటే. అయినా వజ్రం గ్రాఫైట్‌గా మారడానికి ముందు ఆ దృఢమైన బంధాలన్నీ తెగాలి కనుక కోట్ల ఏళ్ళు గడిచినా అది మారకుండా ఉండిపోయింది.

తొలకరి వానలకు జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు పొలాల్లో వజ్రాల కోసం జనం వెతకడం తెలిసిన విషయమే. వజ్రం ఉపరితలం గురించి అంతగా ప్రచారంలో లేని సంగతి ఒకటుంది. ప్రకృతిలో దొరికే వజ్రం పైభాగంలో మిగిలిపోయే బంధాలను చాలావరకు హైడ్రోజన్ పరమాణువులు పూరిస్తాయి. అందువల్ల ఆ ఉపరితలానికి ధ్రువణత, అంటే ఒకచోట ధనావేశం, మరోచోట ఋణావేశం తేలడం, ఉండదు, నీరు దాన్ని పట్టుకోదు, కానీ గ్రీజు పట్టుకుంటుంది. గ్రీజు పూసిన పలకల మీదుగా ఖనిజపు పొడిని నీటితో పారించి, అతుక్కున్న వజ్రాలను వేరుచేసే పద్ధతి గనుల్లో చాలాకాలం నడిచింది. లోపల ప్రపంచంలోకెల్లా దృఢమైన అల్లిక ఉన్న రాయిని ఏరడానికి బయట ఉన్న అతి బలహీనమైన ఆకర్షణ ఉపయోగపడింది.

టాల్క్‌లో బంధం రెండు దిక్కుల్లోనే సాగుతుంది. సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులతో అల్లిన రెండు పలకల నడుమ మెగ్నీషియం అయాన్లు ఇమిడి ఒక పొర ఏర్పడుతుంది. ఆ పొర లోపల అన్నీ దృఢమైన బంధాలే. అయితే పొర మొత్తానికి విద్యుదావేశం ఉండదు, దాని ఉపరితలం మీద మరొకదాన్ని పట్టుకోవడానికి ఖాళీగా ఉన్న బంధమూ ఉండదు. కనుక ఒక పొరకూ దాని పై పొరకూ మధ్య వాండర్ వాల్స్ ఆకర్షణ తప్ప మరేమీ మిగలదు. గోరు గీసినప్పుడు తెగేది సిలికాన్–ఆక్సిజన్ బంధం కాదు. పొర మీద పొర జారుతుంది, అంతే. పలక మీద బలపంతో రాసినప్పుడు అంటుకునేది ఇలా జారిపోయిన పొరలే. ముఖానికి పూసే పౌడరు నునుపుకూ ఇదే కారణం. గ్రాఫైట్‌లోనూ పరిస్థితి ఇటువంటిదే: పొరలోపల కార్బన్ల మధ్య దూరం 1.42 ఆంగ్‌స్ట్రామ్‌లు, పొరల మధ్య దూరం 3.35 ఆంగ్‌స్ట్రామ్‌లు. పొర లోపలి బంధం వజ్రంలోని దానికంటే పొట్టిది, బలమైనది. అయినా పెన్సిల్ కాగితం మీద అరుగుతుంది.

ఈ పొరల నిర్మాణంలో ఒక చిన్న మార్పు జరిగితే ఏమవుతుందో కర్నూలు, కడప రైతులకు, ఇళ్ళు కట్టేవారికి అనుభవంలో ఉంది. కుందూ లోయలోని నల్లరేగడి నేలలో స్మెక్టైట్ వర్గపు బంకమట్టి ఖనిజాలుంటాయి. వాటి పొర కూడా టాల్క్ పొర నమూనాలోనే ఉంటుంది: రెండు సిలికా పలకలు, నడుమ లోహ అయాన్లు. తేడా ఎక్కడంటే, అక్కడక్కడ మూడు ధనావేశాలున్న అల్యూమినియం చోటును రెండే ధనావేశాలున్న మెగ్నీషియం ఆక్రమించడం వంటి మార్పుల వల్ల పొరకు కొద్దిపాటి ఋణావేశం మిగిలిపోతుంది. ఆ ఆవేశాన్ని సరిదిద్దడానికి సోడియం, కాల్షియం అయాన్లు పొరల మధ్యకు వచ్చి చేరతాయి. నీటి అణువుకు ఒకవైపు కొంచెం ఋణావేశం, మరోవైపు కొంచెం ధనావేశం ఉంటాయి కనుక అది ఆ అయాన్ల చుట్టూ చేరుతుంది. వానకాలంలో నీరు ఇలా పొరల మధ్య దూరి వాటిని ఎడంగా నెడుతుంది, నేల ఉబ్బుతుంది. ఎండాకాలంలో ఆ నీరు వెళ్ళిపోతే పొరలు దగ్గరపడి, నేల నెర్రెలు విచ్చుతుంది. గోడలు బీటలు వారడం, తారు రోడ్లు అలలు తేలడం దీని పర్యవసానాలే.

ఇక్కడ మూడో మెట్టు కూడా ఉంది. పొర మీది ఋణావేశం మరింత పెరిగితే నేల ఇంకా ఎక్కువ ఉబ్బుతుందని తోచవచ్చు, కానీ అలా జరగదు. అభ్రకంలో ఆ ఆవేశం బాగా ఎక్కువ; పొటాషియం అయాన్లు పొరల మధ్య ఇమిడిపోయి వాటిని గట్టిగా బిగించేస్తాయి, నీటికి దూరే సందు దొరకదు. ఆవేశం లేని టాల్క్‌లోకి నీటిని లాగేదేమీ లేదు, ఆవేశం నిండుగా ఉన్న అభ్రకంలోకి నీరు పోలేదు, నడుమ ఉన్న రేగడిలోకి మాత్రం పోయి వస్తూ ఉంటుంది. మూడింటిలోనూ దృఢమైన సిలికా అల్లిక దాదాపు ఒకటే అయినప్పుడు, ఒకటి బలపం, ఒకటి పంట నేల, ఒకటి అద్దంలా పొరలు విడే ఖనిజం కావడానికి కారణం ఆ పొరల మధ్య ఏముందన్నదే. రసాయన బంధాల పాఠానికి రాయలసీమ బడుల్లో ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు; అయినా పాఠ్యపుస్తకాల్లో ఇది కనిపించకపోవడం లోటే. రేగడి నేలలో రోడ్డు వేసేటప్పుడు మట్టిలో సున్నం కలపడానికీ ఇందులోనే కారణముంది. ఒక ఆవేశం ఉన్న సోడియం స్థానంలో రెండు ఆవేశాలున్న కాల్షియం చేరితే పొరలు మునుపటికంటే దగ్గరగా నిలుస్తాయి, ఉబ్బు తగ్గుతుంది.

పులివెందుల ప్రాంతపు రాతినార మరో రకం. వేంపల్లె డోలమైట్ సున్నపురాయిలోకి ఒకప్పుడు శిలాద్రవం చొచ్చుకొచ్చినప్పుడు, ఆ వేడికి, సిలికా కలిసిన నీటికి డోలమైట్‌లోని మెగ్నీషియం స్పందించి క్రైసోటైల్ అనే నార ఖనిజం ఏర్పడింది. దీనిలోనూ పొరలే ఉన్నాయి, కానీ పొరకు ఒక ముఖం సిలికా, మరో ముఖం మెగ్నీషియం హైడ్రాక్సైడ్. సిలికా పలక కొలత కొంచెం చిన్నది, రెండోదాని కొలత కొంచెం పెద్దది. అతికి ఉన్న రెండు పలకల కొలతలు కలవకపోవడంతో పొర ఈతచాపలా చుట్టుకుపోతుంది. సిలికా లోపలికి, హైడ్రాక్సైడ్ బయటికి వస్తాయి. అలా ఏర్పడిన గొట్టం మందం సుమారు 25 నానోమీటర్లు మాత్రమే. గొట్టం పొడవునా దృఢమైన బంధాలు, గొట్టానికీ గొట్టానికీ మధ్య బలహీనమైన ఆకర్షణ. అందుకే రాయి అయి ఉండి కూడా అది వేళ్ళతో నలిపితే నారగా విడిపోతుంది, మంటకు కాలదు. ఆ విడిపోయే గుణమే ప్రాణాంతకమైంది. గాలిలో కంటికి కనిపించనంత సన్నగా తేలే పోగులు ఊపిరితిత్తుల్లోకి చేరి, ఏళ్ళ తరువాత క్యాన్సర్‌కు కారణమవుతాయి. రాతినార గనుల్లో, రేకుల కర్మాగారాల్లో పనిచేసినవారి ఆరోగ్యాన్ని ఈ సంగతి తెలిశాక కూడా పట్టించుకోకపోవడం క్షమించరానిది.

అయానిక పదార్థాల సంగతి వేరు. వాటిలో విడివిడి అణువులు ఉండవు; ధన, ఋణ అయాన్లు ఒకదాని పక్కన ఒకటి అన్ని దిక్కులా పేర్చి ఉంటాయి. ఉమ్మడి కడప జిల్లాలోని మంగంపేట ముగ్గురాయి నిక్షేపం ప్రపంచంలోని అతిపెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో ఒకటి. ముగ్గురాయి రసాయనికంగా బేరియం సల్ఫేట్. ఇందులో సల్ఫర్‌కూ ఆక్సిజన్‌కూ మధ్య సమయోజనీయ బంధం, ఆ సల్ఫేట్ సమూహానికీ బేరియానికీ మధ్య అయానిక ఆకర్షణ. ఒకే రాయిలో రెండు రకాల బంధాలున్నాయి కనుక పదార్థాలను ఇది అయానికం, ఇది సమయోజనీయం అని నిక్కచ్చిగా విడదీయడం పూర్తిగా కుదరదని దీనివల్లనే తెలుస్తుంది.

ఉప్పు లీటరు నీటిలో సుమారు 360 గ్రాముల వరకు కరుగుతుంది. ముగ్గురాయి కరిగేది సుమారు రెండున్నర మిల్లీగ్రాములే. ఉప్పులో అయాన్లకు ఒక్కొక్క ఆవేశమే ఉంటుంది. బేరియానికి రెండు, సల్ఫేట్‌కు రెండు. దూరం మారకపోతే ఆకర్షణ ఆవేశాల లబ్ధాన్ని బట్టి పెరుగుతుంది కనుక రెండు రెళ్ళ నాలుగు రెట్లవుతుంది. అయితే ఈ వివరణ దగ్గరే ఆగిపోతే తప్పుదారి పట్టినట్లే, ఎందుకంటే పంటలకు వాడే మెగ్నీషియం సల్ఫేట్‌లోనూ రెండేసి ఆవేశాలే ఉన్నాయి, అది నీటిలో చక్కగా కరుగుతుంది. కరగడం అంటే స్ఫటికాన్ని విడదీయడానికి అయ్యే ఖర్చుకూ, విడిపోయిన అయాన్లను నీటి అణువులు చుట్టుముట్టినప్పుడు వచ్చే రాబడికీ మధ్య లెక్క. మెగ్నీషియం అయాన్ చిన్నది; నీటి అణువులు దానికి చాలా దగ్గరగా రాగలవు, రాబడి ఎక్కువ. బేరియం అయాన్ పెద్దది. నీరు దూరంగానే నిలబడవలసి వస్తుంది, రాబడి స్ఫటికాన్ని విడదీసే ఖర్చుకు చాలదు.

ఈ లెక్కకు వైద్యంలో ప్రాణం విలువ ఉంది. నీటిలో కరిగిన బేరియం అయాన్ విషం. జీర్ణాశయంలోని ఆమ్లానికి కరిగే బేరియం కార్బొనేట్‌ను ఎలుకల మందుగా వాడారు. కరగని బేరియం సల్ఫేట్‌ను మాత్రం రోగి చేత తాగించి పేగులకు ఎక్స్‌రే తీస్తారు. అది శరీరంలోకి ఇంకకుండా బయటికి పోతుంది. చమురు బావులు తవ్వేటప్పుడు అడుగునుంచి ఎగదన్నే ఒత్తిడిని అణచడానికి బురదలో కలిపేదీ ముగ్గురాయి పొడే. నీటికి నాలుగున్నర రెట్ల సాంద్రత ఉండడం, ఆ నీటిలో కరగకపోవడం రెండూ అక్కడ అవసరం.

ముగ్గురాయికి ఆమ్లం అంటే లెక్కలేదు, కడప బండకు ఉంది. వంటింటి అరుగు మీద పరచిన నునుపైన కడప బండపై నిమ్మరసమో చింతపండు పులుసో పడి నిలిస్తే అక్కడ మెరుపు పోయి మచ్చ మిగులుతుంది. కడప బండ ప్రధానంగా కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయి. ఆమ్లంలోని హైడ్రోజన్ అయాన్‌ను కార్బొనేట్ తేలికగా పట్టుకొని, దానితో సమయోజనీయ బంధం ఏర్పరచుకొని బైకార్బొనేట్‌గా, ఆపైన కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది. రెండు ఋణావేశాలున్న జోడీ పోయిన కాల్షియం నీటిలోకి జారుకుంటుంది. సల్ఫేట్‌కు హైడ్రోజన్ అయాన్‌ను పట్టుకునే గుణం చాలా తక్కువ కనుక ముగ్గురాయి చెక్కుచెదరదు.

కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలు ఏర్పడింది కూడా ఈ చర్య వల్లనే, కాకపోతే లక్షల ఏళ్ళ పాటు. వాననీరు నేలలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని బలహీనమైన ఆమ్లంగా మారి, సున్నపురాయి పగుళ్ళ వెంట దిగి, 3,229 మీటర్ల పొడవు కొలిచిన ఆ గుహల్ని తొలిచింది. బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ 1884లో వీటిని ప్రస్తావించాడు; 1982–83లో డేనియల్ గెబౌయర్ నేతృత్వంలోని జర్మన్ బృందం లోపల వివరంగా పరిశోధించింది. గుహ కప్పు నుంచి కారే చుక్కలోంచి కార్బన్ డయాక్సైడ్ తప్పుకుంటే చర్య వెనక్కి నడిచి, కాల్షియం కార్బొనేట్ మళ్ళీ స్ఫటికంగా పేరుకుంటుంది. బోరునీళ్ళు కాచిన గిన్నె అడుగున పట్టే తెల్లటి పొర ఈ వెనకటి చర్య ఫలితమే. వేడి దాన్ని త్వరపెడుతుంది.

రామగిరి, జొన్నగిరి ప్రాంతాల్లో దొరికే బంగారంలో లోహ బంధం ఉంటుంది. బయటి ఎలక్ట్రాన్లు ఏ ఒక్క పరమాణువుకూ చెందకుండా అన్నిటి నడుమ తిరుగుతాయి. సుత్తి దెబ్బకు ఒక వరుస జరిగినా ఎలక్ట్రాన్లు దానితోపాటే సర్దుకుంటాయి, అందుకే బంగారం రేకుగా సాగుతుంది. ముగ్గురాయిలో అదే దెబ్బకు ఒక వరుస జరిగితే ధనావేశానికి ఎదురుగా ధనావేశం వచ్చి నిలుస్తుంది, రాయి పగులుతుంది.

ఇక బలమైన బంధం రెండు మూడు పరమాణువుల దగ్గరే ఆగిపోయే పదార్థాలు. నీరు మరిగేటప్పుడు హైడ్రోజన్, ఆక్సిజన్ విడిపోతాయని చాలామంది విద్యార్థులు రాస్తుంటారు. అలా కాదు. ఆక్సిజన్–హైడ్రోజన్ బంధం 463 కిలోజౌళ్ళది, పొయ్యి మంటకు అది తెగదు. విడిపోయేవి అణువులు, వాటి మధ్యనున్న హైడ్రోజన్ బంధాలు. ఆవర్తన పట్టికలో ఆక్సిజన్‌కు సరిగ్గా కిందనున్న సల్ఫర్‌తో ఏర్పడే హైడ్రోజన్ సల్ఫైడ్ అణువు నీటి కంటే బరువైనదే, అయినా −60 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. బంధంలోని ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కునే గుణాన్ని ఋణవిద్యుదాత్మకత అంటారు; పౌలింగ్ కొలమానంలో అది ఆక్సిజన్‌కు 3.44, సల్ఫర్‌కు 2.58, హైడ్రోజన్‌కు 2.20. ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను అంతగా తనవైపు లాక్కోవడం వల్ల హైడ్రోజన్ మీద ధనావేశం తేలి, అది పక్క అణువులోని ఆక్సిజన్‌ను ఆకర్షిస్తుంది. ఒక కిలో నీరు 100 డిగ్రీల దగ్గర ఆవిరి కావడానికి 2,257 కిలోజౌళ్ళు కావలసి రావడానికి కారణం ఇదే. వేసవిలో మట్టికుండ పైపొర మీద చెమ్మ ఆరుతున్నప్పుడు ఆ వేడి కుండలోని నీటి నుంచి పోతుంది. హైడ్రోజన్ బంధాన్ని శాస్త్రీయంగా నిర్వచించే పని అంతర్జాతీయ రసాయనశాస్త్ర సమాఖ్య తరఫున బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ఇ. అరుణన్ నేతృత్వంలోని బృందం చేపట్టగా, ఆ నిర్వచనం 2011లో వెలువడింది.

ధర్మవరం పట్టుపోగులో ఈ శక్తులన్నీ తలా ఒక దిక్కు పంచుకుంటాయి: పోగు పొడవునా ప్రోటీన్ గొలుసులోని సమయోజనీయ బంధం, పక్కపక్క గొలుసుల మధ్య హైడ్రోజన్ బంధాలు, అలా ఏర్పడిన పొరల నడుమ వాండర్ వాల్స్ ఆకర్షణ. పట్టుకు తెగని బలమూ మెత్తదనమూ ఒకేసారి ఉండడానికి ఇదే ఆధారం.

ధ్రువణత అసలే లేని అణువులు ఒకదాన్నొకటి ఎలా పట్టుకుంటాయన్నది చాలాకాలం తేలని ప్రశ్న. వాయువుల అణువుల మధ్య ఆకర్షణ ఉందని వాండర్ వాల్స్ 1873లోనే చూపించినా, దానికి కారణాన్ని 1930లో ఫ్రిట్జ్ లండన్ క్వాంటమ్ సిద్ధాంతంతో వివరించాడు. అణువులో ఎలక్ట్రాన్ల విన్యాసం క్షణక్షణం మారుతుంది. ఒక క్షణంలో ఒకవైపు ఋణావేశం, మరోవైపు ధనావేశం తేలి ఏర్పడిన ద్విధ్రువం పక్క అణువులోనూ ద్విధ్రువాన్ని పుట్టిస్తుంది, రెండూ ఆకర్షించుకుంటాయి. ఒక్కొక్కటిగా ఇది స్వల్పమే. కానీ పొడవైన గొలుసు అణువులు ఆసాంతం ఒరుసుకొని పడుకున్నప్పుడు ఆ స్వల్పాలన్నీ కూడి పెద్ద మొత్తమవుతాయి. ఈ కూడికకు ఆకారం ముఖ్యం, అనంతపురం వేరుశనగ నూనె అందుకు సాక్ష్యం.

వేరుశనగ నూనెలోని కొవ్వు ఆమ్లాల్లో ప్రధానమైనది ఒలియిక్ ఆమ్లం. జంతువుల కొవ్వులో ఎక్కువగా ఉండే స్టియరిక్ ఆమ్లంలోనూ దీనిలోనూ 18 కార్బన్లే ఉన్నాయి, బరువులో తేడా రెండు హైడ్రోజన్లంతే. అయినా స్టియరిక్ ఆమ్లం సుమారు 69 డిగ్రీల దాకా గడ్డగా ఉంటుంది, ఒలియిక్ ఆమ్లం 13 డిగ్రీల ప్రాంతంలోనే కరిగిపోతుంది. ఒలియిక్ గొలుసు నడుమ ఉన్న ఒక జంట బంధం దగ్గర గొలుసు వంగి ఉంటుంది; వంగిన గొలుసులు ఒకదానికొకటి ఆనుకొని సర్దుకోలేవు, వాటి మధ్య ఆకర్షణ కూడదు. నికెల్ ఉత్ప్రేరకంతో హైడ్రోజన్ చేర్చి నూనెను వనస్పతిగా మార్చేటప్పుడు ఈ జంట బంధాలను తీసివేసి గొలుసును తిన్నగా చేస్తారు. ఆ క్రమంలో కొన్ని జంట బంధాలు పోకుండా, హైడ్రోజన్లు చెరో పక్కకు తిరిగి, వంపు తొలగిన ట్రాన్స్ రూపంలో మిగిలిపోతాయి. ఒలియిక్ ఆమ్లపు ట్రాన్స్ రూపం ఎలాయిడిక్ ఆమ్లం: ఒక్క పరమాణువు కూడా పెరగలేదు, తరగలేదు, కానీ అది కరిగేది 45 డిగ్రీల దగ్గర. గుండె జబ్బులతో దీనికున్న సంబంధం రుజువయ్యాక, నూనెల్లో కొవ్వుల్లో పరిశ్రమ తయారీ వల్ల చేరే ట్రాన్స్ కొవ్వు 2 శాతాన్ని మించరాదన్న నిబంధనను భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2022 జనవరి నుంచి అమలులోకి తెచ్చింది.